గురువారం గోకుడు, శనివారం గోకుడు

ముందే ఒప్పేసుకుంటున్నాను. నేను కోతలు కోస్తాను. జానెడు సంగతిని బారెడు చేస్తాను, వినేవాళ్ళు మెత్తగా కనిపిస్తే ప్లాట్‌ఫాం అంత చేస్తాను. ఇందులో నా తప్పు సగమే. తమ ఊరి ప్లాట్‌ఫాం పొడుగు గురించి పాలు తాగే పిల్లలు కూడా గొప్పలు చెప్పుకునే ఖరగ్‌పూర్‌లో పుట్టి పెరిగినవాణ్ణి. మూడు తరాలుగా రైల్వే ఉప్పు తింటున్న ఇల్లు మాది. అందుచేత కుక్కపిల్ల గోక్కుంటే గోడలు కదిలాయని నేను రాస్తే, గోడకున్న క్యాలెండరు కదిలిందని చదువుకోండి. క్యాలెండరైనా కదిలిందా అని అడక్కండి. ఫ్యాను కూడా తిరుగుతోంది అప్పుడు.

మేముండేది ట్రాఫిక్ అనే రైల్వే కాలనీలో, ఒక క్వార్టర్లో. నేను, మా ఆవిడ, మా అమ్మ. మా ఎడమ పక్క క్వార్టర్లో ముప్పై ఏళ్ళకు పైగా ఒక మామ్మ ఉండేది. సాయంత్రం నాలుగయ్యేసరికి ఆవిడ తన మెట్ల మీదా, మా అమ్మ మా మెట్ల మీదా కూర్చునేవాళ్ళు. మధ్యలో ఉన్న పిట్టగోడ మీదుగా కాలనీ వార్తలన్నీ అటూ ఇటూ వెళ్ళేవి. ఎవరింట్లో ఏం కూరో, ఏ పిల్లకి ఏ సంబంధమో, పాస్టరుగారి ప్రసంగంలో ఎన్నిసార్లు దగ్గు వచ్చిందో, అన్నీ. డిసెంబరులో ఆ మామ్మ కొడుకు రిటైరయ్యాడు. రైల్వేలో కొడుకు రిటైరైతే ఇల్లు ఖాళీ చెయ్యాలి కాబట్టి తల్లి స్నేహం కూడా ఆ రోజే రిటైరవుతుంది. సామాను లారీ వెళ్ళిపోయాక కూడా మా అమ్మ నాలుగింటికి వచ్చి మెట్ల మీద కూర్చోవడం మానలేదు. తాళం వేసిన తలుపు వైపు తిరిగి కూర్చునేది.

జనవరిలో ఒక ఆదివారం చర్చి నుంచి వస్తూ శాలువాలో ఏదో చుట్టుకొచ్చింది.

"ఏటమ్మా అది?" అన్నాను.

"నాకేటి తెలుసురా. చర్చి గేటు పక్కన కాలవలో కూకుని ఏడుస్తన్నాది. పాస్టరుగారేటి సెప్పినారో ఒక్క ముక్క ఎక్కితే ఒట్టు. దీని ఏడుపే ఇనిపించినాది."

శాలువా విప్పితే గోధుమరంగు కుక్కపిల్ల. రెండు చెవులూ రెండు దిక్కులకి. సైజు పావురొట్టె అంత. మేము దానికి పేరు పెట్టలేదు. మా అమ్మ "ఒరే" అని పిలిస్తే అదీ నేనూ ఇద్దరం పరిగెత్తేవాళ్ళం. చాలాసార్లు అదే ముందు చేరేది.

నాలుగింటికి మెట్ల మీద మళ్ళీ వార్తలు మొదలయ్యాయి. కుక్కపిల్ల మా అమ్మ పాదాల మీద గడ్డం ఆనించి వినేది. పాత మామ్మ కంటే ఇదే నయం, మధ్యలో అడ్డు తగల్దు అంది మా అమ్మ ఒకరోజు. అన్నాక కాసేపు తాళం తలుపు వైపు చూసింది.

పది రోజులు గడిచాయో లేదో గోకుడు మొదలైంది.

ఆ గోకుడు మామూలుది కాదు. వెనక కాలితో చెవి గోక్కుంటే డీజిల్ ఇంజను స్టార్టయినట్టు ఉండేది. తలుపుకి వీపు రాసుకుంటే తలుపు బోల్టు దానంతట అదే పడిపోయేది. పొట్ట గులాబీ రంగుకి తిరిగింది. కాళ్ళ వేళ్ళ మధ్య నాకి నాకి బొచ్చంతా గోధుమరంగు పోయి ఇటుకరంగుకి వచ్చింది. భోంచేస్తూ గోక్కునేది, ఆడుకుంటూ గోక్కునేది, నిద్రలో కూడా కాలు గాల్లో ఆడేది. ఈ గోకుడంతా మా అమ్మ మంచం పక్కనే.

మా అమ్మకి షుగరుంది. ఒంటి మీద గీత పడితే నెలకి గాని మానదు. అదీ అసలు బెంగ.

"ఈస్టరు దాకా సూస్తాను," అంది మా ఆవిడ ఒకరోజు వంటింట్లోంచి. "అది గజ్జి అయితే అత్తకి అంటుకోదేటి? ఈస్టరుకి తగ్గిపోతే సరే. లేకపోతే దాన్ని ఎవరికైనా ఇచ్చియ్యాలండీ."

ఆ ఎవరైనా ఎవరో కూడా అప్పటికే ఖాయమైపోయింది. లైనులో ఒక చిన్న స్టేషన్ దగ్గర పనిచేసే ట్రాక్‌మాన్ నాకు తెలుసు. ఇంటి చుట్టూ ఖాళీ జాగా, నాలుగు మేకలు. కుక్కపిల్లనిస్తే తీసుకుంటానన్నాడు.

ముందు గదిలో మా అమ్మ వింది. ఆ సాయంత్రం కుక్కపిల్లకి వార్తలు చెప్పలేదు. దాని నెత్తి మీద చెయ్యి వేసి ఊరికే కూర్చుంది.

వైద్యం కాలనీయే మొదలుపెట్టింది. మా కుడి పక్క క్వార్టర్లో ఉండే బెంగాలీ ఇల్లాలిని మేమంతా బౌదీ అంటాం, అంటే వదిన. ఆవిడ వేపాకు కాచిన నీళ్ళ బకెట్టుతో వచ్చి, "దాదా, ఇది ఉత్త పిస్సుల పని, రెండు స్నానాలకి పోతుంది," అని బెంగాలీలో భరోసా ఇచ్చింది. రెండు స్నానాలయ్యాక కుక్కపిల్లతో పాటు నేను కూడా చేదుగా అయిపోయాను. చర్చిలో ఒక పెద్దాయన ఆవనూనెలో పసుపు కలిపి పట్టించమన్నాడు. పట్టించాం. అది ఊరగాయ ముక్కలా మెరుస్తూ ఇల్లంతా తిరిగి మంచం కోళ్ళకి, గోడలకి, నా యూనిఫాం ప్యాంటుకి పసుపు పూసింది. గోకుడు ఆగలేదు. కాకపోతే గోక్కుంటూ జారిపోయేది.

ఇక లాభం లేదని ఊళ్ళోనే ఇందా అనే పేటలో ఉన్న జంతువుల డాక్టరు దగ్గరికి బయల్దేరాం. నేను, మా ఆవిడ, బజారు సంచీలో కుక్కపిల్ల. ఆటోలో అది గోకుడు అందుకునేసరికి డ్రైవరు రెండుసార్లు బండి ఆపి చక్రాలు చూసుకున్నాడు.

డాక్టర్‌బాబు నెమ్మదస్తుడు. ప్రతి మాట చివరా "ఠీక్ హై?" అంటాడు. మనం తలూపేదాకా తర్వాతి మాట రాదు. సన్న పళ్ళ దువ్వెనతో దువ్వి తెల్ల కాగితం మీద దులిపాడు. పిస్సుల్లేవు. ఆవనూనె వాసన చూసి నా వంక ఒక చూపు చూశాడు. మూడు చోట్ల చర్మం కొద్దిగా గీకి అద్దం పలక మీద పెట్టి సూక్ష్మదర్శినిలో చాలాసేపు చూశాడు.

"గజ్జి పురుగు లేదు. కాబట్టి మీ ఇంట్లో ఎవరికీ అంటుకోదు. ఠీక్ హై?"

మా ఆవిడ, నేను ఒకేసారి తలూపాం.

"చెవులు, పొట్ట, కాళ్ళ వేళ్ళు. ఇలా ఉంటే తిండి పడకపోవడం అయ్యుండొచ్చు. లేకపోతే గాలిలోదో, నేల మీదదో. ముందు తిండి సంగతి తేల్చుదాం. ఠీక్ హై? ఇంతవరకూ ఏమేం తింది?"

మేము చెప్పడం మొదలుపెట్టాం. పాలు, పావురొట్టె, బిస్కెట్లు, గుడ్డు, కోడి, బౌదీ పెట్టిన చేప తలకాయ, చర్చిలో కేకు, మరమరాలు, నా ఎడమకాలి మేజోడు. డాక్టర్‌బాబు రాసుకుంటూ రాసుకుంటూ కలం పక్కన పెట్టేశాడు.

"ఏం తినలేదో అది చెప్పండి."

ఇద్దరం ఆలోచించాం. చివరికి మా ఆవిడకి తట్టింది. "మేక మాంసం." మా ఇంట్లో అది క్రిస్మస్‌కీ ఈస్టరుకీ తప్ప రాదు. ఇదేమో క్రిస్మస్ అయ్యాక వచ్చింది.

"అయితే అదే. అన్నం, ఉడికించిన మేక మాంసం. ఉప్పు, నూనె, ఉల్లిపాయ ఏవీ వద్దు. ఎనిమిది వారాలు ఇంకేదీ దాని నోట్లోకి పోకూడదు. ఒక్క బిస్కెట్టు ముక్క పెట్టారా, మళ్ళీ మొదటి నుంచి లెక్క. ఠీక్ హై?"

ఠీక్ హై అన్నాం. ఇంటికొచ్చాక గాని గుర్తు రాలేదు, తర్వాతి బుధవారం నుంచే లెంటు.

లెంటంటే మాకు ఈస్టరుకి ముందు నలభై రోజుల ఉపవాస కాలం. మా ఇంట్లో ఆ నలభై రోజులూ మాంసం గుమ్మం తొక్కదు. అలాంటిది ఆ ఏడు మేమంతా పప్పు, చారు తింటుంటే, కుక్కపిల్ల పళ్ళెంలో రోజూ మేక. మా ఆవిడ కుక్కరు పెట్టిందంటే ఆ వాసన కాలనీ దాటి, గోల్‌బజార్ దాటి ఎక్కడికో వెళ్ళేది. ఒక మధ్యాహ్నం పాస్టరుగారు ఇల్లు దర్శించడానికి వచ్చారు. ప్రార్థన మధ్యలో కుక్కరు మూడు కూతలు కూసింది. ఆయన కళ్ళు మూసుకునే ఉన్నారు గానీ ముక్కు మాత్రం వంటింటి వైపు తిరిగింది.

"కుక్కకండీ," అన్నాను ఆమెన్ అవగానే.

"అలాగా," అన్నారాయన. ఇరవై ఏళ్ళ పరిచయంలో ఆయన నన్ను అంత జాలిగా చూడలేదు.

వారం పది రోజులు గడిచాయి. తగ్గలేదు. కాదు, తగ్గేది, మళ్ళీ వచ్చేది. ఇక్కడే నా ఉద్యోగం ఇంట్లోకి వచ్చింది.

నేను కంట్రోలు ఆఫీసులో పనిచేస్తాను. ఏ బండి ఏ స్టేషన్‌లో ఎన్నింటికి ఉందో చూసుకుంటూ గళ్ళ కాగితం మీద గీత గీసే పని. అడ్డంగా గంటలు, నిలువుగా స్టేషన్లు. ఇప్పుడు గీతలు కంప్యూటరే గీస్తుంది గానీ మొదట్లో పెన్సిలుతో గీసిన చెయ్యి ఊరుకోదు కదా. గళ్ళ పుస్తకం ఒకటి కొని కుక్కపిల్లకి చార్టు వేశాను. పైన చెవి స్టేషన్, కింద మెడ, చంక, పొట్ట, చివర తోక. కాలితో గోకితే ప్యాసింజరు, పళ్ళతో కొరికితే గూడ్సు, గోడకి రాసుకుంటే షంటింగు. నేను డ్యూటీలో ఉన్నప్పుడు మా ఆవిడ రాసేది. ఆవిడకి విసుగొచ్చిన చోట అన్నీ గూడ్సులే ఉంటాయి.

రెండు వారాల చార్టు పరిచేసరికి కళ్ళకి కట్టినట్టు కనిపించింది. గురువారం, శనివారం బళ్ళే బళ్ళు. మిగతా రోజులు లైను ఇంచుమించు ఖాళీ.

గురువారం, శనివారం. నాకు వెంటనే వెలిగింది. గురువారం బౌదీ ఇంట్లో లక్ష్మీపూజ, శనివారం శనిపూజ. రెండు రోజులూ సాయంత్రం కొబ్బరిపీచు నిప్పుల మీద ధూనో వేసి ఇల్లంతా పొగ పెడుతుంది. ఆ సాంబ్రాణి పొగ పిట్టగోడ దాటి మా వైపు వస్తుంది. గాలిలోదో, నేల మీదదో అని డాక్టర్‌బాబు అననే అన్నాడు! చార్టు చుట్టి చంకలో పెట్టుకుని, జడ్జీ ముందుకి వెళ్ళే వకీలులా బౌదీ గుమ్మం ఎక్కాను.

"ఓ మా!" అంది బౌదీ చార్టు చూసి. "నా ధూనోకి నీ కుక్క గోక్కుంటోందా? మా అత్తగారి కాలం నుంచి వేస్తున్నాను. ఈ ఇంట్లో పిల్లి గోక్కోలేదు, చిలక గోక్కోలేదు, మా ఆయన కూడా గోక్కోలేదు."

"బౌదీ, గీతలు చూడండి. గురువారం, శనివారం..."

"గీతలు నాకేం చూపిస్తావు దాదా? నీ గీతల్లో బళ్ళు టైముకి వస్తున్నాయా?"

ఇది రైల్వేవాడికి తగలకూడని చోట తగిలింది. అయినా ఆవిడ మంచిది. ఒక వారం పొగని వెనక వరండాలోకి మార్చింది. పది రోజులు నాతో మాట్లాడలేదు. ఆ గురువారం పొగ రాలేదు. గోకుడు మాత్రం రైట్‌టైముకి వచ్చింది.

చార్టు ముందు కూర్చుని అప్పుడు చూశాను, మొదటే చూడాల్సింది. పొగ వేసేది సాయంత్రం. గురువారం గోకుడు మొదలయ్యేది పొద్దుట, నేను పళ్ళు తోముకునేటప్పుడు. కంట్రోల్లో పాతికేళ్ళు పనిచేసి కూడా ఇంత మోటు తప్పు చేశాను. గురువారం పొద్దున్న బండి లేటుగా వస్తే గురువారాన్ని తిట్టం, బుధవారం సాయంత్రం అది ఏ స్టేషన్‌లో నిలబడిందని అడుగుతాం. అంటే అసలు సంగతి బుధవారం, శుక్రవారం సాయంత్రాల్లో ఉంది.

బుధవారం, శుక్రవారం లెంటు కూడికలు. మధ్యాహ్నం చర్చిలో ఉపవాస ప్రార్థన. మా అమ్మ ఐదింటికి తిరిగొస్తుంది.

ఆ శుక్రవారం నాకు డ్యూటీ లేదు. వెనక పెరట్లో తీగ మీద ఆరేసిన దుప్పటి వెనక నిలబడ్డాను. నా శరీరానికి దుప్పటి సరిపోలేదు, రెండో దుప్పటి కూడా జరుపుకున్నాను.

మా అమ్మ వెనక గుమ్మంలోంచి వచ్చింది. కొంగు చాటున స్టీలు గిన్నె. అటూ ఇటూ చూసి కింద కూర్చుంది. కుక్కపిల్ల తోకతో పాటు వెనక భాగమంతా ఊపుకుంటూ వచ్చింది. గిన్నెలో పాలు.

రోజూ సాయంత్రం కాస్త బెల్లం వేసుకుని గ్లాసుడు పాలు తాగడం మా అమ్మకున్న ఒకే ఒక్క విలాసం. షుగరని డాక్టరు చెప్పాక బెల్లం పోయింది, పాలు మిగిలాయి. లెంటులో బుధ, శుక్రవారాలు ఆ పాలు మానేస్తానని మొక్కుకుంది. మొదటి రోజు ప్రసంగంలో పాస్టరుగారు చెప్పారు, మానేసినదాన్ని గిన్నెలో దాచుకోకండి, మీ ఇంటి దగ్గర ఎవరికి ఆకలిగా ఉందో చూసి చాటుగా ఇవ్వండి అని. కాలనీ అంతా వెతికితే మా అమ్మ కళ్ళకి ఆకలిగా కనిపించింది ఇదొక్కటే.

"తాగు," అంటోంది దానితో, నెమ్మదిగా. "తల్లి లేని పిల్లవి. పసిగుడ్డుకి పాలు మానిపించేసి మాంసం పెడతన్నారు, ఈళ్ళకేటి తెలుసు. నాకెలాగూ ఒద్దు, ఒగ్గేసినాను. నువ్వు తాగు."

అది తాగుతుంటే దాని వీపు మీద చెయ్యి వేసి కళ్ళు మూసుకుంది.

"ప్రభువా, దీని గోకుడు తగ్గించు. ఈస్టరు దాకానే టైమున్నాది. దీన్ని పంపించేస్తే నేనెవరితో మాటాడాల?"

దుప్పటి వెనక నా కళ్ళలోంచి కారిన నీళ్ళకి దుప్పటి తడిసిపోయింది. అది అప్పుడే ఉతికి ఆరేసింది కాబట్టి నా దగ్గర సాక్ష్యం లేదు.

డాక్టర్‌బాబుకి ఫోన్ చేసి చెప్పాను. ఆయన నవ్వినట్టున్నాడు. "ఏ వస్తువు పడదో తేలాలంటే మానిపించి, మళ్ళీ పెట్టి చూడాలి దాదా. మీ అమ్మగారు ఆ పరీక్ష ఏడెనిమిది సార్లు చేసేశారు. పాలు ఆపండి చాలు. ఠీక్ హై?"

ఆపండి అనడం తేలిక. ఆపమని ఎవరికి చెప్పాలి? ఏమని? నువ్వు ఎవరూ చూడకుండా చేస్తున్న దానమే దాన్ని గోకిస్తోంది, నువ్వు దేవుణ్ణి తగ్గించమంటున్నదాన్ని నువ్వే పెంచుతున్నావు అనా? ఆ మాట నా నోట్లోంచి రాదు. కోతలే వస్తాయి.

శనివారం ఆవిడ పక్కన మెట్ల మీద కూర్చున్నాను.

"అమ్మా, నీకో సంగతి తెలుసేటి? కుక్కపిల్ల కూడా ఉపవాసంలో ఉన్నాది."

"అదేట్రా?"

"ఈస్టరు దాకా పాలు ముట్టకూడదంట. డాక్టర్‌బాబు పెట్టినాడు."

"ఆయన బెంగాలీబాబు కదరా. ఆయనకి మన లెంటు సంగతేటి తెలుసు?"

"అన్నీ తెలుసమ్మా. మరీ పట్టింపు మనిషి. ఒక్క చుక్క పాలు తాగినా మొదటి నుంచి నలభై రోజులు లెక్కెట్టాలంట."

మా అమ్మ కుక్కపిల్ల వంక చూసింది. దాని ముఖంలో ఉపవాసం ఉన్న లక్షణం ఒక్కటీ లేదు. మా ఇద్దరి కళ్ళముందే అది నా చెప్పు నములుతోంది.

"నలభై రోజులే!" అంది. "మరి ఎవరి ఉపవాసమూ ఇంకొకరు సెడగొట్టకూడదు."

అంతటితో తప్పించుకున్నాననుకున్నాను. బుధవారం సాయంత్రం స్టీలు గిన్నె నా ముందుకొచ్చింది.

"తాగరా," అంది. "ఈ మద్దెన సిక్కిపోనావు."

నేను తూకం మిషను ఎక్కితే సూది సిగ్గుపడే మనిషిని. పాల వాసనంటే చిన్నప్పటి నుంచి పడదు. కానీ మానేసిన పాలు ఎవరో ఒకరు తాగాలి, ఆవిడ లెక్కలో తర్వాతి ఆకలిగొన్నవాణ్ణి నేనే అయ్యాను. మూడు వారాలు, వారానికి రెండు గిన్నెలు, ముక్కు మూసుకుని తాగాను. మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి కొంగు నోట్లో కుక్కుకుని చూసేది.

చార్టులో మాత్రం బళ్ళు తగ్గుతూ వచ్చాయి. ఒక గురువారం నాలుగు. తర్వాతి శనివారం రెండు. పొట్ట రంగు మామూలుకొచ్చింది. కాళ్ళ వేళ్ళ మధ్య కొత్త బొచ్చు మొలిచింది. ఈస్టరు ముందు రెండు రోజుల పేజీ చూస్తే స్ట్రైకులో లైను మూసేసినట్టుంది.

ఈస్టరు నాడు తెల్లవారుజామున సమాధుల తోటలో ఆరాధనకి అందరం వెళ్ళొచ్చాం. ఇంటికి రాగానే మా అమ్మ కొత్త చీరతోనే వంటింట్లోకి వెళ్ళింది. పెద్ద గిన్నె నిండా పాలు పట్టుకుని బయటికొచ్చింది. ఈసారి కొంగు చాటు లేదు.

"అమ్మా, ఆగు."

"ఏట్రా? ఉపవాసం అయిపోనాది కదా. నాదీ అయిపోనాది, దీనిదీ అయిపోనాది."

నా తెలివికి ఇంత దూరం తోచలేదు. ఉపవాసమంటే అయిపోయే రోజు ఒకటి ఉంటుందని, నలభై ఏళ్ళు పైబడిన క్రైస్తవుణ్ణి, మర్చిపోయాను. కుక్కపిల్ల అప్పటికే మెడ చాపి గిన్నె దగ్గరికి వచ్చేసింది. దాన్ని రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నాను, నిజం చెప్పేశాను. చార్టు తెచ్చి గచ్చు మీద పరిచాను. మా అమ్మకి ఆ గీతలు తెలీవు. బుధవారం ఎక్కడ, శుక్రవారం ఎక్కడ అని అడిగి, ఆ గళ్ళ మీద వేలు పెట్టి, పక్క గళ్ళలోకి నెమ్మదిగా జరిపింది.

"నేనేనా?" అంది.

నేను తలూపాను.

"నేనే పెట్టినాను. పెట్టి, నేనే తగ్గించమని అడిగినాను. దేవుణ్ణెంత ఇరకాటంలో పెట్టినానురా!"

నవ్వాలో వద్దో తెలియక మా ఆవిడ వైపు చూశాను. ఆవిడ నేల వైపు చూస్తోంది.

"నువ్వెప్పుడు సూసినావు?" అంది మా అమ్మ.

"నాలుగో వారం."

"అప్పుడే సెప్పకూడదేటి?"

"ఏడుస్తావని."

"ఏడిస్తే ఏటి? ఏడ్సి మానేద్దును. మూడు వారాలు నువ్వా పాలు గటగటా తాగేస్తంటే, ఈ గుంటడికి ఇంట్లో కడుపు నిండటం లేదేటని నేను బెంగెట్టుకున్నాను." అప్పుడు నిజంగానే కొంచెం ఏడ్చింది. చీర చెంగుతో ముఖం తుడుచుకుని కుక్కపిల్ల పొట్ట తిప్పి చూసింది, చెవులు ఎత్తి చూసింది, కాళ్ళ వేళ్ళు విడదీసి చూసింది.

"ఈస్టరొచ్చేసినాది," అంది. "మరి దీన్ని పంపించేస్తావా?"

"లేదమ్మా. పంపించను."

తలూపింది. గిన్నె తీసుకుని మెట్ల మీద, కుక్కపిల్లకి వీపు తిప్పి కూర్చుని, అది చూడకుండా ఆ పాలు తనే తాగింది.

ఇప్పుడు ఇందులో నేను కల్పించింది ఏదో చెప్పాలి. బౌదీ పది రోజులు మాట్లాడలేదన్నది కోత, రెండు రోజులే. కుక్కరు కూత ఒకటే. ఆటో డ్రైవరు దిగింది ఒకసారి, అదీ సొంత పని మీద. వీటిని కల్పనంటే నేనొప్పుకోను, ఉన్నదాన్ని సాగదీశాను, అంతే. కల్పించింది ఒక్కటే. ఈస్టరు దాకా చూస్తాను, తగ్గకపోతే ఇచ్చియ్యాలి అని మా ఆవిడ అన్నట్టు రాశాను. ఆవిడ ఆ మాట అనలేదు. ముందు గదిలో మా అమ్మకి వినపడేలా వంటింట్లో నిలబడి అన్నది నేను. ట్రాక్‌మాన్‌కి ఫోన్ చేసిందీ నేనే. గజ్జి కాదని డాక్టర్‌బాబు చెప్పాక కూడా ఆ గడువు ఎత్తెయ్యకుండా ఉంచింది నేనే. గోకుడు చప్పుడుకి డ్యూటీ నుంచి వచ్చి పడుకుంటే నిద్ర పట్టేది కాదు, అదీ నా అసలు కారణం, షుగరు పైకి చెప్పిన కారణం. మా ఆవిడ ఆ రోజు అన్నది ఒక్కటే: "మరి అత్తకేటి సెప్తారు?" ఆ తర్వాత లెంటంతా రోజూ కుక్కరు పెట్టి, పాస్టరుగారి ముందు తలొంచుకుని నిలబడింది.

ఈ కాగితాలు ముందు ఆవిడకే చదవడానికిచ్చాను. చదివి, "నేనెప్పుడన్నానండీ ఆ మాట?" అని మాత్రం అడిగి బియ్యం ఏరుకోవడానికి వెళ్ళిపోయింది. అందుకే ఈ నాలుగు ముక్కలు చేర్చాను. మా అమ్మకి మాత్రం ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. ఆ పొద్దున నేనూ మా ఆవిడా ఇద్దరం ఎదురుగా నిలబడి ఉంటే, పంపించేస్తావా అని అమ్మ అడిగింది నన్నే.